బోంగో మన డోలు కాదు

పాత సినిమా పాటల మీద ఒక్క మాట అన్నా ఒప్పుకోని అభిమానులు మన చుట్టూ చాలామందే ఉన్నారు. "పాత పాటలే పాటలు, ఇప్పటివీ పాటలేనా" అన్నది వాళ్ల మొదటి మాట. "ఆ రోజుల్లో సాహిత్యం ఉండేది, రాగం ఉండేది, మర్యాద ఉండేది" అన్నది రెండో మాట. ఘంటసాల గొంతు గురించీ, సాలూరి రాజేశ్వరరావు బాణీల గురించీ, కె.వి. మహదేవన్ సంగీతం గురించీ వాళ్లు చెప్పేది చాలావరకు నిజమే. ఆ పాటలు మన గూడేల్లోనూ మోగాయి. రేడియోలో విన్నాం, జాతర మైకుల్లో విన్నాం, పెళ్లి పందిళ్లలో విన్నాం. బాగుంటాయి. దాని మీద మనకు పేచీ లేదు.

పేచీ అంతా వాళ్ల మూడో మాట మీదే. "ఆ సినిమాల్లో కోయ పాటలూ చెంచు పాటలూ ఎంత బాగుండేవి! మీ కళను ఎంత గొప్పగా చూపించారు!" అంటారు. వినడానికి మెచ్చుకోలులాగే ఉంటుంది. మన పిల్లలు అది నిజమనుకుంటున్నారు. కొందరు టీచర్లు కూడా నమ్ముతున్నారు. ఆగస్టు 9 వచ్చిందంటే, ఆశ్రమ పాఠశాలలో వార్షికోత్సవం వచ్చిందంటే, పిల్లల నడుముకు ఆకులు కట్టి, మొహాన తెల్ల చుక్కలు పెట్టి, నెత్తిన ఈకలు గుచ్చి సినిమా పాటకు ఆడిస్తున్నారు. కింద కూర్చున్న అవ్వకు ఆ వేషం ఎవరిదో తెలియదు. ఆ పాట ఏ భాషలో ఉందో కూడా తెలియదు. అది తన మనవరాలి "గిరిజన నృత్యం" అని మైకులో చెబితే తప్ప ఆమెకు అర్థం కాదు.

ఆ పాటల్లో ఉన్నది మన కళ కాదని ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నాం. మద్రాసు స్టూడియోల్లో కూర్చున్నవాళ్లు మనల్ని ఎలా ఊహించుకున్నారో ఆ ఊహే ఆ పాటల్లో ఉంది. ఆ ఊహకు మంచి గొంతు దొరికింది, మంచి ట్యూను దొరికింది. అందుకే అది ఇంతకాలం నిలిచింది, అందుకే దానితో ప్రమాదం కూడా ఎక్కువ. చెడ్డ పాట చెప్పే అబద్ధాన్ని జనం రెండు వారాల్లో మరిచిపోతారు. మంచి పాట చెప్పే అబద్ధాన్ని మూడు తరాలు పాడుకుంటారు.

ముందు వాయిద్యాల సంగతి చూద్దాం. పాత సినిమాల్లో గూడెం సీను రాగానే ఏం మోగుతుంది? ఎక్కువగా బోంగోలు, కాంగోలు. వాటి మీద గుంపు కేకలు, అర్థం లేని అక్షరాలు. బోంగో, కాంగో డ్రమ్ములు క్యూబాలో ఆఫ్రికా సంతతి ప్రజల చేతుల్లో పెరిగిన వాయిద్యాలు. వాళ్ల చరిత్ర గొప్పది, ఆ వాయిద్యాల మీద మనకు కోపం లేదు. కానీ అవి అరకులో లేవు, ఉట్నూరులో లేవు, నల్లమలలో లేవు. 1932లో హాలీవుడ్ తొలి మాటల టార్జాన్ సినిమా వచ్చాక అడవి అంటే కేకలు, అడవి మనుషులంటే డ్రమ్ములు అన్న లెక్క ప్రపంచం మీద పడింది. మనవాళ్ల సినిమా ఆ లెక్కనే తెచ్చుకుంది. 1985లో "అడవి దొంగ" వచ్చేనాటికి కూడా హీరోను టార్జాన్‌లాగే చూపించారు. అయిదు దశాబ్దాలు గడిచినా అడవి గురించి కొత్తగా నేర్చుకున్నది తక్కువే.

మన దగ్గర వాయిద్యాలు లేకనా? థింసా ఆటకు తుడుం, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు ఉన్నాయి. గోండు గూడేల్లో దండారికి డోలు, పెప్రె మోగుతాయి. ప్రధానులు కింగ్రి తీగ మీద గోండుల వంశ కథలు రాత్రంతా చెబుతారు. కోయల్లో డోలీలు కంచుమేళంతో సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజుల కథలు పాడతారు. ఒక్కో వాయిద్యానికి ఒక్కో సందర్భం ఉంది. చావుకు వాయించే దెబ్బ పెళ్లికి వాయించరు. దేవుణ్ణి పిలిచే దెబ్బ ఆటకు వాయించరు. ఎవరు వాయించాలో, ఎప్పుడు ఆపాలో పద్ధతి ఉంది. ఇంత వ్యాకరణం ఉన్న సంగీతాన్ని "హోయ్ హోయ్"గా కుదించడం కళాసేవ ఎలా అవుతుంది?

"ఆ కాలంలో వాళ్లకు తెలియదు కదా, తెలియక చేశారు" అని అభిమానులు అడ్డుపడతారు. ఈ మాటను కాస్త ఆగి చూడాలి. సినిమాకు మాటలు రావడానికి ఎంతో ముందే గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకున్నారు. సవరల మధ్య తిరిగి, వాళ్ల మాటలూ కథలూ పాటలూ విని రాసుకున్నారు. 1931లో ఆయన సవర వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చయింది. తెలుగు సినిమాకు మాటలు వచ్చిందీ అప్పుడే. 1943లో కమలా కోట్నిస్ నటించిన "చెంచులక్ష్మి" విడుదలైంది. అదే 1943లో హైమన్‌డార్ఫ్ చెంచుల మీద రాసిన పెద్ద పుస్తకం వచ్చింది. తెలుసుకోవాలనుకున్నవాడు నల్లమలకు నడిచి వెళ్లాడు. అక్కర్లేదనుకున్నవాడు స్టూడియోలో చెట్టు బొమ్మ గీయించుకున్నాడు. కాబట్టి తెలియకపోవడం కారణం కాదు, అడగాలని అనిపించకపోవడమే కారణం.

1958లో వచ్చిన "చెంచులక్ష్మి"ని తీసుకుందాం. అక్కినేని, అంజలీదేవి నటించారు, రాజేశ్వరరావు సంగీతం. ఆరుద్ర రాసి, ఘంటసాల, జిక్కి పాడిన చెట్టెక్కే పాట ఈనాటికీ మోగుతోంది. హాయిగా ఉండే పాట, అందులో అనుమానం లేదు. కానీ ఆ పాట పాడే అమ్మాయి ఎవరు? పేరుకు చెంచు పిల్ల. ఆమె నోట ఉన్నది మైదానపు సరసం, ఆమె ఒంటి మీద ఉన్నది స్టూడియో దర్జీ కుట్టిన బట్ట. అడవి ఆమెకు ఆటస్థలం మాత్రమే. తేనె తీయడానికి తాడు కట్టుకుని బండ అంచున వేలాడే చెంచు మనిషి ఆ సినిమా ఊహకు అందలేదు. అహోబిలం నరసింహుణ్ణి చెంచులు తమ ఇంటి అల్లుడిగా భావిస్తారు. అంటే దేవుడు వాళ్ల గడపకు పిల్లనడగడానికి వచ్చినవాడు, వాళ్లది ఇచ్చిన చెయ్యి. ఆ బంధుత్వంలో ఎంత ఆత్మగౌరవం ఉంది! సినిమాకు అది కేవలం దేవుడి ప్రేమకథ అయిపోయింది. ఇచ్చినవాళ్లు గుంపులో డాన్సర్లయ్యారు.

ఇక కన్నప్ప. 1954లో రాజ్‌కుమార్ కథానాయకుడిగా "కాళహస్తి మహాత్మ్యం" వచ్చింది. 1976లో బాపు "భక్త కన్నప్ప" తీశారు, కృష్ణంరాజు నటించారు, ఆదినారాయణరావు, సత్యం సంగీతం ఇచ్చారు. శబ్దగ్రహణానికి ఆ సినిమాకు జాతీయ పురస్కారం వచ్చింది. వేటూరి అందులో కిరాతార్జునీయం మీద పెద్ద పాట రాశారు. శివుడు వేటగాడి రూపంలో వచ్చి అర్జునుడితో తలపడిన కథ అది. మాటల పొందిక చూస్తే వేటూరికి చేతులెత్తి మొక్కవలసిందే. మరి అడగవలసింది అడుగుదాం. ఒక వేటగాడి కథకు శబ్దంలో దేశపు బహుమతి వచ్చింది. ఆ శబ్దంలో వేటగాడి పాట ఎక్కడ? తిన్నడు శివుడికి మాంసం పెట్టాడు, నోటితో నీళ్లు తెచ్చి పోశాడు. తన ఇంటి పద్ధతిలో పూజ చేసినందుకే ఆయన కథ నిలిచింది. శాస్త్రం చదివిన పూజారి కంటే ఆ పద్ధతే మిన్న అన్నది ధూర్జటి కావ్యానికి కూడా ప్రాణం. తెర మీద మాత్రం ఆయన భక్తి పెరిగేకొద్దీ పాట మైదానం వైపు, సంస్కృతం వైపు నడుస్తుంది. పుణ్యాత్ముడు కావాలంటే ముందు తన గొంతు వదులుకోవాలి అన్నట్టు ఉంటుంది. బళ్లో మన పిల్లలు రోజూ వింటున్నదీ అదే కదా!

ఇంకాస్త బరువైన సంగతికి వద్దాం. 1974లో కృష్ణ నటించిన "అల్లూరి సీతారామరాజు". ఆదినారాయణరావు సంగీతం. శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ పురస్కారం వచ్చింది. ఆ పాట వింటే ఇప్పటికీ రక్తం వేడెక్కుతుంది. అది శ్రీశ్రీ బలం. కానీ ఆ పాట పిలిచేది ఎవరిని? తెలుగు వీరుణ్ణి. దేనికి లెమ్మంటుంది? దేశమాత స్వేచ్ఛకు. 1922లో మన్యం లేచింది దేనికి? 1882 మద్రాసు అటవీ చట్టం పోడును నేరం చేసింది. గూడెం దారి పనిలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చాలీచాలని కూలికి జనాన్ని గొడ్డుల్లా పని చేయించాడు. ఆకలీ అవమానమే మనుషుల్ని రాజు దగ్గరికి నడిపించాయి. అంతకుముందు 1879లోనే రంప లేచింది, అప్పటికి రామరాజు పుట్టనే లేదు. గాం గంటందొర, గాం మల్లుదొర రామరాజు వెనక నడిచిన గుంపులో ఇద్దరు కాదు, ఆ పోరాటానికి వెన్నెముక. రాజు 1924 మేలో పోయాక కూడా గంటందొర పోరాడుతూనే ఉన్నాడు, జూన్‌లో ప్రాణం ఇచ్చాడు. మల్లుదొర జైలు నుంచి బయటికి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. అంత జీవితం ఉన్న మనిషి మీద ఎన్ని సినిమా పాటలున్నాయి? మన పిల్లల్ని అడగండి, రాజు పేరు తడుముకోకుండా చెబుతారు. మల్లుదొర పేరు ఎంతమంది చెబుతారు?

రామరాజును తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. కొండల్లో ఆయన పట్ల ఉన్న ప్రేమ నిజమైనది. కానీ పోడు కోసం లేచిన చెయ్యిని "తెలుగు" జెండాకు కట్టేసి, పోడు మాటను పక్కకు నెట్టేస్తే ఆ పోరాటంలో సగం పోతుంది. మిగిలిన సగానికే జాతీయ పురస్కారం వచ్చింది.

మూడేళ్ల తర్వాత 1977లో "అడవి రాముడు" వచ్చింది. ఎన్.టి. రామారావు, రాఘవేంద్రరావు, వేటూరి, మహదేవన్. రాష్ట్రమంతా ఊగిపోయింది. ఆ సినిమాలో అడవి జనాన్ని కాపాడేది ఎవరు? ఫారెస్టు ఆఫీసరు! మారువేషంలో వచ్చిన అటవీ అధికారి మనకు రక్షకుడు, అడవిని దోచేది దొంగలు. ఇది చదివి మన పెద్దవాళ్లు నవ్వుకుంటారు. వాళ్లకు తెలిసిన అటవీశాఖ పోడు పొలంలో మొక్కలు పీకింది, కట్టెల మోపు లాక్కుంది, గొడ్డలి పట్టుకుపోయింది, జరిమానా రాసింది. అడవి జనానికి "చారిత్రక అన్యాయం" జరిగిందని 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే రాసుకుంది. పార్లమెంటు ఒప్పుకున్న అన్యాయాన్ని సినిమా డ్యూయెట్ల మధ్య ఉపకారంగా చూపించింది. ఆ సినిమాను ముదుమలై అడవుల్లో తీశారు, ఆకుపచ్చగా కన్నుల పండువగా ఉంటుంది. అడవి ఎంత అందంగా కనిపించిందో, అక్కడ బతికేవాడి హక్కు అంతగా కనబడకుండా పోయింది. పాటలు మధురంగా ఉన్నాయి కాబట్టి ఎవరూ అడగలేదు.

ఇది ఒక్క తెలుగువాళ్ల జబ్బు కాదు. హిందీలో 1958 నాటి "మధుమతి" పాటల్ని పాత పాటల అభిమానులు నెత్తిన పెట్టుకుంటారు. సలిల్ చౌదరి సంగీతం. ఆయన చిన్నతనం అస్సాం తేయాకు తోటల్లో గడిచింది, తండ్రి అక్కడ డాక్టరు. ఆ తోటల్లో కూలీలుగా తెచ్చిపెట్టిన సంతాలులు, ముండాలు, ఒరావులు పాడిన పాటలు ఆయన చెవిలో పడ్డాయి. ఆ రుణం ఆయన సంగీతంలో వినిపిస్తుంది. సినిమాకూ ఆయనకూ అవార్డులు వచ్చాయి. తోట కూలీల పేర్లు ఏ తెర మీదా పడలేదు. కథ చూడండి: వైజయంతిమాల కొండ దొర కూతురు. జమీందారు చేతికి చిక్కకుండా ప్రాణం వదులుతుంది. మరుజన్మలో మైదానపు ఇంటి పిల్లగా పుట్టాకే ఆమెకు పెళ్లి, కాపురం. కొండపిల్లగా ఉన్నంతకాలం పాట ఆమెది, బతుకు మాత్రం కాదు.

అన్నీ ఒకే గాటన కట్టడం కూడా న్యాయం కాదు. అదే సలిల్ చౌదరి 1976లో మృణాల్ సేన్ "మృగయా"కు సంగీతం ఇచ్చారు. తిరుగుబాటుదారుడి తల తెచ్చినవాడికి బహుమతి ఇచ్చిన తెల్లదొరల ప్రభుత్వం, తన భార్యను ఎత్తుకుపోయిన వడ్డీవ్యాపారిని చంపిన ఆదివాసికి ఉరి వేస్తుంది. ఎందుకు ఈ తేడా అని అతను అడుగుతాడు. ఆ ప్రశ్నే సినిమా. మన దగ్గర "మా భూమి"లో గద్దర్ తెర మీదికి వచ్చి జనం పాటను జనం గొంతుతోనే పాడాడు. అది ఆదివాసుల కథ కాకపోయినా, ఊరి పాట ఆర్కెస్ట్రా కింద నలిగిపోకుండా తెర ఎక్కగలదని చూపించింది. అంతకుముందు 1955లో "రోజులు మారాయి"లో కొసరాజు, మాస్టర్ వేణు ఏరువాక పాటను పెట్టారు. మైదానపు రైతు పాట తన పేరుతో, తన పనితో, తన పండగతో సినిమాకు వచ్చింది. మరి రైతు పాటకు దక్కిన గౌరవం రేల పాటకు ఎందుకు దక్కలేదు? రైతు కొడుకులు సినిమా తీశారు కాబట్టి. సూటిగా చెప్పాలంటే ఇంతే సంగతి. కెమెరా ఎవరి చేతిలో ఉంటే వాళ్ల అమ్మ పాటే పాట అవుతుంది.

మనవాళ్ల కథను శ్రద్ధగా తీసిన సినిమాకు ఏం జరిగిందో కూడా గుర్తుంచుకోవాలి. అల్లాణి శ్రీధర్ "కొమరం భీమ్" 1990 నాటిది. థియేటర్లకు చేరడానికి 2010 దాకా పట్టింది. ఇరవై ఏళ్లు! 2022లో "ఆర్.ఆర్.ఆర్." ప్రపంచమంతా తిరిగింది. దాని చివర భీమ్ చదువు ఇమ్మని అడుగుతాడు, రామరాజు జెండా మీద "జల్, జంగల్, జమీన్" రాసి ఇస్తాడు. జోడేఘాట్‌లో భీమ్ ప్రాణం పెట్టి నిలబెట్టిన నినాదాన్ని భీమ్‌కే మరొకరు రాసి ఇచ్చారు. పాత సినిమాలే నయం, కొత్తవే చెడ్డవి అనేవాళ్లకూ, పాతవే చెడ్డవి, ఇప్పుడు మారింది అనేవాళ్లకూ ఈ ఒక్క సీను చాలు. తెర పెద్దదైంది, చూపు అక్కడే ఉంది.

"సినిమా అంటే వినోదం, ఇంత లోతుగా చూడాలా?" అని అడుగుతారు. చూడాలి. ఎందుకంటే కొండ ఎక్కని కోట్లాది మందికి మన గురించి తెలిసింది సినిమాతోనే. ఆఫీసులో మన అర్జీ అందుకునే గుమాస్తా, ఆసుపత్రిలో మన అమ్మను తోసేసే నర్సు, కాలేజీ హాస్టల్లో మన పిల్లాణ్ణి చూసి నవ్వే కుర్రాళ్లు అందరూ ఆ సినిమాలు చూసి పెరిగినవాళ్లే. ఆ తెర మీద మనకు ఉన్న పనులు నాలుగే: భక్తుడు, దొంగ, సరసమాడే పిల్ల, హీరో వెనక గంతులేసే గుంపు. చదువుకున్న ఆదివాసి, వాదించే ఆదివాసి, సరిహద్దు రాయి ఎక్కడుందో చెప్పగలిగే ఆదివాసి ఆ తెర మీద లేడు. కాబట్టి ఎదురుగా నిలబడినా వాళ్లకు కనబడడు.

మరి మనం ఏం చేయాలి? పాత పాటలు వినడం మానేయాలా? అక్కర్లేదు. వినండి, హాయిగా పాడుకోండి. కానీ చెవి తెరిచి వినండి. టీచర్లకు ఒక పని చెబుతున్నాం. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ పాటల్లో ఒకటి వినిపించండి. నాలుగు ప్రశ్నలు అడగండి: ఇందులో మోగే వాయిద్యం మన ఊళ్లో ఉందా? పాట ఏ భాషలో ఉంది? పాడేవాళ్లకు పేర్లున్నాయా, గుంపేనా? కథ చివర ఎవరు బతికారు, ఎవరు కాపాడారు? ఒక్క పీరియడ్ చాలు. ఆ తర్వాత ఆ పిల్లలు ఏ సినిమానూ పాత కళ్లతో చూడరు. చరిత్ర పుస్తకంలో ఒక్క వాక్యంగా మిగిలిన మల్లుదొర కూడా ఆ పీరియడ్‌లోనే లేచి కూర్చుంటాడు.

రెండో పని ఇంకా ముఖ్యం. వార్షికోత్సవానికి సినిమా పాట పెట్టకండి. ఆకుల లంగాలు కట్టించకండి. గూడెం నుంచి తెలిసిన పెద్దమ్మనో తాతనో పిలిచి వారం రోజులు నేర్పించమనండి. వాళ్లను గౌరవంగా కుర్చీలో కూర్చోబెట్టండి, రానుపోను ఖర్చులివ్వండి, పేరు మైకులో చెప్పండి. గుస్సాడీ ఆటను నిలబెట్టిన కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. కంచుమేళంతో కోయ వీరుల కథలు పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో ప్రకటించారు. వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. పద్మశ్రీ రాని కనకరాజులు, రామచంద్రయ్యలు ప్రతి మండలంలో ఉన్నారు. పురస్కారం వచ్చాక పూలదండ వేయడం తేలిక, రాకముందే ఇంటికి వెళ్లి కూర్చోవడం మన పని.

మూడోది యువకులకు. మీ చేతుల్లో ఫోన్లున్నాయి. పాతికేళ్ల కిందట ఏ సినిమా కంపెనీకీ లేనంత పరికరం మీ జేబులో ఉంది. పాట రికార్డు చేయండి. పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ, ఏ సందర్భంలో పాడతారో చెప్పించి దాంట్లోనే పెట్టండి. ముందు అడగండి. కొన్ని పాటలు దేవుడి గుడిసె దాటి బయటికి రాకూడదు, వాటిని అక్కడే ఉండనివ్వండి. రీల్స్ కోసం వాటిని అమ్ముకుంటే స్టూడియోవాళ్లకూ మనకూ తేడా ఏముంటుంది? కోయ పాటను కోయలోనే పాడండి, గోండి పాటను గోండిలోనే పాడండి. అర్థం కాదని ఎవరైనా అంటే, అర్థం కాని ఇంగ్లీషు పాటలకు వాళ్లు ఆడడం లేదా అని అడగండి.

సినిమావాళ్లకు చెప్పేది ఒక్కటే. మా పాట కావాలంటే రండి, మా వాకిట్లో కూర్చుని వినండి. మా భాషలో తప్పు పాడితే దిద్దుతాం. పాడినవాళ్లకు కూలి కాదు, పారితోషికం ఇవ్వండి. తెర మీద గుంపు పేరు కాదు, మనిషి పేరు వేయండి. ఈ నాలుగూ చేయలేకపోతే బోంగో మీద మీకు తోచింది వాయించుకోండి, దానికి మా పేరు మాత్రం పెట్టకండి.

ఈ ఏడు ఆగస్టు 9కి ఇంకా టైముంది. డోలుకు చర్మం బిగించడానికి, పాట నేర్చుకోవడానికి సరిపోతుంది. ఏ పాట పెడదామని ఎవరైనా అడిగితే ఫోన్‌లో వెతకకండి, గూడెంలో అడగండి.